తాళం ఒక్క మెట్టు

తిప్పేస్తే? ఒక్క మెట్టు. అంతకన్నా అక్కర్లేదు. ఇంజన్ స్టార్టవ్వాల్సిన పని కూడా లేదు. ఏసీ బటన్ నొక్కే ఉంది, గాలి మీట చివరిదాకా తిప్పే ఉంది. ఈ పాతకారులో తాళం ఒక్క మెట్టు కదిలిందంటే చాలు, ముందు జాలీ వెనకున్న ఫ్యాన్ గిర్రుమంటుంది. ఆ రెక్కల మధ్య ఇప్పుడు తమ్ముడి చేతులు రెండూ ఉన్నాయి. పెద్దవాడు డ్రైవర్ సీట్లో కూర్చుని ఆ చేతులనే చూస్తున్నాడు. బానెట్ ఎత్తి ఉంది కాబట్టి తమ్ముడి మొహం కనిపించదు, మొహం కనిపించకపోవడమే మంచిదయింది. అద్దానికీ బానెట్‌కీ మధ్య మిగిలిన బెత్తెడు సందులోంచి మోచేతుల దాకా కనిపిస్తున్నాయి. నల్లటి గ్రీజు, చెమట, గోళ్ళ సందుల్లో మట్టి, రెక్కలకి చుట్టుకున్న ప్లాస్టిక్ తాడుని లాగుతున్న వేళ్ళు. పది వేళ్ళు. పదికి పదీ. వాడికి పది, నాకు ఏడు, ఇద్దరం ఒక్క కడుపున పుట్టినవాళ్ళమే, ఇదెక్కడి న్యాయం అనుకున్నాడు పెద్దవాడు. అతని కుడిచేతికి మిగిలిన బొటనవేలూ చిటికెనవేలూ తాళాన్ని పట్టుకునే ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన మూడూ మొండి బుడిపెలై తాళానికి ఆనీ ఆనకుండా ఉన్నాయి. రెండు వేళ్ళతో తాళం తిప్పడం నేర్చుకోవడానికి ఎంత ఏడ్చాడో ఎవడికి తెలుసు? తమ్ముడికే తెలుసు. పక్కనే నిలబడి చూసింది వాడేగా.

ఎండకి షెడ్డు రేకులు కాగిపోయి కిందికి వేడిని కుమ్మరిస్తున్నాయి. సీటు రెగ్జిన్ తొడలకి అంటుకుపోతోంది. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పంతులమ్మ, కారు ఆవిడదే, చీరకొంగుతో విసురుకుంటోంది. "కదులుతున్నంతసేపూ చల్లగానే ఉంటుంది బాబూ, సిగ్నల్ దగ్గర ఆగానా, కొలిమి ముందు కూర్చున్నట్టే" అంది రాగానే. ఆ మాట వినగానే పెద్దవాడికి జబ్బు తెలిసిపోయింది. కారు పరిగెడుతుంటే ఎదురుగాలే పైపుల్ని చల్లారుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి, ఫ్యాన్ చెయ్యడం లేదు. అయినా పద్ధతి పద్ధతే. చెయ్యి తడిచేసుకుని, అరచెయ్యి కాదు వెనకభాగం, గాలి వచ్చే కంతల దగ్గర ఒక్కొక్కదానికీ పెట్టి చూశాడు. మొదట చల్లగా తగిలింది, కాసేపటికి గోరువెచ్చన, ఆ తర్వాత కుక్క ఊపిరిలా వేడిగా. హీటర్ పైపు పట్టుకు చూశాడు, అటువైపు తప్పు లేదు. కంప్రెసర్ టక్కుమని పట్టుకుంటోంది, గ్యాసు సరిపడా ఉంది, గేజీ ముల్లు మాత్రం పిచ్చిపట్టినట్టు పైకి పాకుతోంది. "ఫ్యానేరా" అన్నాడు. "ఫ్యానే అన్నయ్యా" అన్నాడు చిన్నవాడు. ఇంజన్ ఆపేసి, బానెట్ కింద దూరి, కాలిపోయిన వైరు ముక్క కత్తిరించి కొత్తది కలిపాడు. అంతవరకూ రోజూ జరిగే భాగవతమే. ఆ తర్వాత చేశాడు చూడండి ఒక పని! తలుపు దగ్గరికొచ్చి, చొక్కా జేబులోంచి తాళం తీసి, పెద్దవాడి చేతికి ఇవ్వకుండా వంగి తనే స్టీరింగ్ పక్క కంతలో పెట్టాడు. "కూర్చో అన్నయ్యా. రెక్కలకి తాడేదో చుట్టుకుంది, తీసేస్తాను" అన్నాడు. అన్నవాడు అన్నట్టే పోయి చేతులు రెండూ లోపల పెట్టేశాడు. తాళం ఇక్కడ, చేతులు అక్కడ.

ఈ షెడ్డులో అలా జరగదు. చేతులు ఎవడివి లోపలుంటే తాళం వాడి జేబులో ఉండాలి. నాన్న పెట్టిన చట్టం అది, నోటితో చెప్పి ఊరుకున్న చట్టం కాదు. రేడియేటర్ పైపు ముక్క ఒకటి గోడకి వేలాడుతుండేది, నల్లటిది, మెత్తగా కనిపించేది, తగిలితే చర్మం ఊడొచ్చేది. పెద్దవాడు మీసాలు మొలవని రోజుల్లో ఒకసారి తాళం కారులోనే మరిచిపోయి చెయ్యి లోపల పెట్టాడు. నాన్న ఏమీ అనలేదు. పైపు తీశాడు. పిక్కల మీద, వీపు మీద, అడ్డుపెట్టిన చేతుల మీద. "చెయ్యి పోతే అడుక్కుతింటావా? అడుక్కోవడానికన్నా చెయ్యి కావాలి కదరా వెధవా!" అని ప్రతి దెబ్బకీ అరుస్తూ కొట్టాడు. చిన్నవాడు గ్రీజు డబ్బాల వెనక దాక్కుని లాగు తడుపుకున్నాడు. ఆ సాయంత్రం వాడే, ఇంతున్నాడు అప్పుడు, అన్న వీపుకి నూనె రాస్తూ, నేను పెద్దయ్యాక నాన్నని చంపేస్తానన్నయ్యా అన్నాడు. నాన్నని చంపడానికి నువ్వెందుకురా, ఆయన పాటికి ఆయన పోయాడు, నువ్వు నా మీద పడ్డావు. ఆ సంగతి జరిగాక వాడు చట్టాన్ని ఎంత నిష్ఠగా పాటించాడని! తాళం జేబులో వేసి గుండీ పెట్టుకుంటాడు. పని కాగానే వచ్చి తాళం ఇస్తాడు, వెనక్కి వెళ్ళి బానెట్ ముందు నిలబడి రెండు చేతులూ పోలీసుకి లొంగిపోయినట్టు పైకెత్తుతాడు. అప్పుడే పెద్దవాడు తిప్పాలి. ప్రతి కారుకీ, ప్రతిసారీ. ఆ ఎత్తిన చేతులు చూసినప్పుడల్లా పెద్దవాడికి కడుపు మండిపోయేది. చేసింది వాడు. భయపడేది మాత్రం నన్ను చూసి!

చెయ్యి తగిలిందట. ఆస్పత్రిలో అమ్మకి చిన్నవాడు అదే చెప్పాడు, ఊరందరికీ అదే చెప్పాడు. "తాళానికి చెయ్యి తగిలిందమ్మా, చూసుకోలేదు." వేళ్ళు తెగిన రోజు రిపేరుకొచ్చిన ఆ వ్యాను తాళం పెద్దవాడికి తెలియదూ? లోపలికి నొక్కి, స్టీరింగ్‌ని ఎడమకి లాగి పట్టుకుని, పళ్ళ బిగువున తిప్పితేగానీ కదలని మొండి తాళం అది. ఒక చెయ్యి చాలదు, రెండు కావాలి. తగిలితే తిరుగుతుందా అది? ఏనుగు తగిలినా తిరగదు. అయినా అమ్మ తనవైపు తిరిగి, అంతేనా పెద్దోడా అని అడిగితే, కట్టుకట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, అంతేనమ్మా అని తలూపాడు. ఇంకేమనాలి? నేను కొట్టానమ్మా, అందుకు తిప్పాడమ్మా అనాలా? కొట్టిన మాట మాత్రం నిజం. ఆ పూట వాడు వ్యాన్లోకి గ్యాసు ఎక్కువ ఎక్కించాడు, పైపు బుస్సుమని పగిలింది, అప్పటిదాకా పెద్దవాడి మొహం ఆ పైపు మీదే ఉంది, ఒక్క క్షణం అటు తిరగబట్టి కళ్ళు దక్కాయి. అంతే, పెద్దవాడికి నాన్న పూనాడు. చెంప మీద ఒకటి, అదే చెంప మీద ఇంకోటి, కాలర్ పట్టుకుని వ్యాను తలుపుకేసి బాదాడు. డబ్ డబ్‌మని రేకు మోగింది. వ్యాను వాళ్ళు చూస్తున్నారు, పక్కషాపు పంక్చర్ల తాత చూస్తున్నాడు, ఎదురుగా జిరాక్సు షాపులో కూర్చునే అమ్మాయి కూడా లేచి నిలబడి చూస్తోంది. ఆ అమ్మాయి కోసమే వాడు రోజూ తల దువ్వుకుని వచ్చేవాడని ఊరంతా తెలుసు. తెలిసే ఇంకోటి వేశాడు. ఆ మీదట తాళం తీసి వాడి మొహాన విసిరికొట్టాడు. "పానా పట్టడానికి పనికిరావు నువ్వు. పోయి సీట్లో కూర్చో. తాళం తిప్పడమన్నా వచ్చా?" అన్నాడు. అని వెళ్ళి తన చెయ్యి ఫ్యాన్ వెనక బెల్టు మీద పెట్టాడు. తాళం తిప్పడం వాడికి వచ్చు.

నొప్పి ముందు రాదు, ఆ సంగతి ఎవరూ చెప్పరు. ముందు చప్పుడు వస్తుంది, చెరుకు ముక్కలు నరికినట్టు టక టక టకమని, తర్వాత మొహం మీద వెచ్చగా ఏదో చిమ్ముతుంది, వేడినీళ్ళ పైపు పగిలిందేమో అనుకుంటాడు మనిషి. ఇనప రెక్కలవి, ఇప్పటి ప్లాస్టిక్‌వి కావు. ఇవి మాత్రం తక్కువా? వేగం అందుకుంటే ఇవీ కత్తులే. తాడు ఒక చుట్టు ఊడింది. చిన్నవాడి బొటనవేలు రెక్క అంచు మీద ఉంది, చూపుడువేలు రెండు రెక్కల మధ్యన ఉంది, ఇప్పుడు తిప్పితే మొదట పోయేది చూపుడువేలే, తర్వాత మణికట్టు విరుగుతుంది, వాడు చెయ్యి లాక్కోబోతాడు, లాక్కుంటే చర్మం గ్లౌజులా ఊడి జాలీకి అంటుకుంటుంది, కేక పెడతాడు, ఆ కేక ఎలా ఉంటుందో పెద్దవాడు రోజూ ఊహించుకున్నాడు. అన్నం తింటూ ఊహించుకున్నాడు, గడ్డం గీసుకుంటూ ఊహించుకున్నాడు. ఒక్కోసారి వాడు నిద్రపోతుంటే సుత్తితో వేళ్ళ మీద ఒక్కటి, ఒక్కోసారి జాకీ మీద లేపిన కారు కింద వాడు పడుకుని ఉంటే కాలితో ఒక్క తన్ను. ఎన్నిరకాలుగా చంపలేదు వాణ్ణి! చంపిన ప్రతిసారీ వాడు లేచొచ్చి, అన్నయ్యా టీ తాగుతావా అని అడిగేవాడు. అడిగి గ్లాసు ఎడమచేతి వైపు పెట్టేవాడు. ఆ పెట్టడంలో ఉన్న జాగ్రత్త చూస్తే మళ్ళీ చంపబుద్ధేసేది.

వేళ్ళు ఏరింది కూడా వాడే. వ్యాను కింద పొట్టమీద పాకి, నూనె మడుగులోంచి ఒకటి, చక్రం పక్కన ఒకటి, మూడోది దొరక్క తల రేకుకేసి కొట్టుకుంటూ వెతికి, ఏరాడు. ఐసు పెట్టాలి, చల్లగా ఉంచాలి అని ఎవరో అరిచారు. చుట్టుపక్కల ఎక్కడా ఐసు లేదు. ఏసీ పనివాడికి చల్లదనమంటే ఏం గుర్తొస్తుంది? గ్యాసు సిలిండర్ తలకిందులు చేసి, గుడ్డలో పెట్టిన మూడు వేళ్ళ మీదా కొట్టాడు. తెల్లగా పొగలు కక్కుతూ పడే గ్యాసు. కొట్టాడు, కొట్టాడు, "బతకాలి బతకాలి" అంటూ కొట్టాడు, వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడి ఒకదానికొకటి తగిలి టిక్కుటిక్కుమనేదాకా కొట్టాడు. సోలిపోతున్న కళ్ళతో పెద్దవాడు చూశాడు, వద్దురా అందామనుకున్నాడు, నోరు పెగల్లేదు. చేతిమీద ఆ గ్యాసు చుక్క పడితే చర్మం చచ్చి బొబ్బెక్కుతుందని ఇద్దరికీ తెలుసు, నాన్న మొదటి రోజే నేర్పాడు. తెలిసి కూడా కొట్టాడు వాడు. ఆ క్షణంలో వాడికి తెలివి ఎక్కడుంది? కట్టు మార్చేటప్పుడు గదిలో ఇంకెవరూ లేకుండా చూసి డాక్టరు అడిగాడు: "చల్లగా ఉంచమంటాం గానీ గడ్డకట్టించి చంపమంటామా? రెండైనా అతికేవయ్యా. ఎవరు చేశారీ పని?" పెద్దవాడు గోడవైపు తిరిగి, "నేనే చెయ్యమన్నాను" అన్నాడు. డాక్టరు అతని తెలివితక్కువతనానికి జాలిపడి వెళ్ళిపోయాడు. పెద్దవాడు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, పెళ్ళానికి చెప్పలేదు. ప్రేమతో దాచాడనుకుంటున్నారా? ఏడిసినట్టే ఉంది! దాచుకున్నాడు. కత్తిని గుడ్డలో చుట్టి అటకమీద దాచుకున్నట్టు. తాళం తిప్పినందుకు చిన్నవాడికి పశ్చాత్తాపం ఉండి ఉండొచ్చు, కానీ వేళ్ళు ఏరి గ్యాసు కొట్టినందుకు లోలోపల ఒక చిన్న ఊరట కూడా ఉంటుంది. నేను చెడగొట్టాను, కానీ కాపాడాలని చూశాను అని. ఆ ఊరట మీదే వాడు అన్నం తింటున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, బిడ్డని కన్నాడు. దాన్ని ఒక్క మాటతో కోసెయ్యొచ్చు. అతికేవిరా, నువ్వే చంపావు. అంతే. ఆ మాట ముందు ఈ ఫ్యానెంత, ఈ తాళమెంత! ఎన్నిసార్లో నాలుక చివరిదాకా వచ్చింది. రెండుచేతుల పని ఒంటిచేత్తో చెయ్యలేక గేజీ పగలగొట్టినప్పుడు వచ్చింది. పెళ్ళాం ముందు నిలబడి, చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తి చొక్కా గుండీలు పెట్టించుకునే ప్రతి పొద్దునా వచ్చింది. మింగాడు. ఇప్పుడే కాదు, ఇంకా బాగా నొప్పెట్టే రోజు చూసి చెప్పాలి అని మింగాడు.

ఇవాళ పొద్దున్న ఆ రోజు వచ్చినట్టే వచ్చింది. మరదలు, ఆ జిరాక్సు షాపు అమ్మాయే, వంటింట్లో చెయ్యి ఖాళీ లేక, "కాస్త పట్టుకోండి బావగారూ" అని బిడ్డని తెచ్చి ఒళ్ళో పడేసింది. ఇంకా మెడ నిలవని పసిగుడ్డు. పెద్దవాడు ఎడమచేతి మీదికి తీసుకుని కుడిచెయ్యి ఒళ్ళో దాచుకున్నాడు, ఎందుకో పసిదానికి చూపించబుద్ధి కాలేదు. ఆ బిడ్డకేం తెలుసు? గాలిలో ఈదుకుంటూ వచ్చిన చిన్న చెయ్యి ఆ బుడిపెని పట్టుకుంది, మధ్యవేలు ఉండాల్సిన చోట మిగిలిన దాన్ని, నున్నగా ఎర్రగా ఉండే దాన్ని, గట్టిగా పట్టుకుని నోట్లో పెట్టుకుంది. పాలనుకుందో ఏమో, చప్పరించింది. పెద్దవాడు కదల్లేదు. కోతపడ్డాక ఆ చోటుని ఎవరూ ముట్టుకోలేదు, పెళ్ళాం కూడా చూడనట్టే తప్పించుకుంటుంది. తలెత్తితే గుమ్మంలో చిన్నవాడు నిలబడి ఉన్నాడు, చేతిలో పళ్ళెం. మొహం బూడిదరంగులో ఉంది. పళ్ళెం కింద పెట్టేసి, తినకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పెద్దవాడికి ఆ క్షణాన లోపల ఎంత సంతోషం వేసిందో చెబితే పాపం! పడ్డాడు, సరిగ్గా పడ్డాడు, వాడి రక్తమే వాడిని కొట్టింది అనుకున్నాడు. అనుకుంటూనే బిడ్డ తల నిమిరాడు. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేస్తాడో అడగకండి, చేశాడు. షెడ్డుకొచ్చాక చిన్నవాడు పొద్దున్నించీ పని మాట తప్ప నోరు మెదపలేదు. మెదపకుండా మెదపకుండా, ఇదిగో, తాళం తెచ్చి కంతలో పెట్టి చేతులు రెక్కల్లో పెట్టాడు. మరిచిపోయి పెట్టాడా? గుండీ విప్పి మరీ తీసి పెట్టాడు, మరుపంటే ఎవరు నమ్ముతారు. అంటే నన్ను తిప్పమంటున్నాడు. తిప్పి చెల్లుకు చెల్లు చేసుకోమంటున్నాడు. ఎంత సులువుగా వదిలించుకుందామనుకున్నావురా! మూడు వేళ్ళిస్తే సరిపోతుందా? నేను ఇన్నాళ్ళూ మోసింది వేళ్ళు లేకపోవడాన్నా? నీ నవ్వు మొహాన్ని మోశాను, నీ టీ గ్లాసుని మోశాను, నువ్వు ఎత్తి చూపించే పది వేళ్ళని మోశాను. తిప్పుతా. తిప్పకపోతే నేను మనిషినే కాదు. చిటికెనవేలు బిగిసింది. తాళం కొంచెం కదిలింది, మెట్టు పడలేదు, పడేముందు ఉండే ఆ గట్టిదనం వేలికి తగిలింది.

"ఊడింది" అన్నాడు చిన్నవాడు బానెట్ కింద నుంచి. నల్లటి తాడు ముద్ద ఒకటి బయటికొచ్చి నేలమీద పడింది. ఇక చేతులు బయటికి రావాలి. రాలేదు. వేళ్ళన్నీ విప్పి, రెక్కల మీద బారుగా పరిచి, అలాగే ఉంచాడు.

"అయిపోయిందా బాబూ?" అంది పంతులమ్మ గుమ్మం నుంచి.

"అన్నయ్యా."

"ఊఁ."

"తాళం అందులోనే ఉంది."

"చూశాను."

"తెలిసే పెట్టాను." పైన రేకులు టప్‌మని సాగాయి. "అప్పుడూ తెలిసే తిప్పానన్నయ్యా. చెయ్యి తగల్లేదు."

ఆ మాట కోసం ఇన్నేళ్ళు కాచుకుని కూర్చున్నవాడు, విన్నాక ఏమవుతుందో ఒక్కసారీ ఊహించుకోలేదు. తేలికపడతాననుకున్నాడు కాబోలు. తేలికా పాడా! కళ్ళముందు ఎర్రగా అయిపోయింది. తాళం వేళ్ళలోంచి జారిందో, వదలాలని వదిలాడో, తలుపు తన్ని దిగాడు, బానెట్ చుట్టూ తిరిగొచ్చి వాడి కాలర్ పట్టుకుని ఇవతలికి ఈడ్చాడు. ఎడమచేత్తో ఒకటి కొట్టాడు. చాలలేదు. కుడిచెయ్యి ఎత్తి మొండి పిడికిలితోనే దవడమీద గుద్దాడు, బుడిపెలు ఎముకకి తగిలి నొప్పి భుజందాకా పాకింది, ఆ నొప్పి బాగుంది, మళ్ళీ గుద్దాడు. పెదవి చిట్లింది. ముక్కులోంచి రక్తం గడ్డంమీదికి దిగింది. చిన్నవాడు అడ్డుపెట్టుకోవాల్సిన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు, పడ్డాడు, మళ్ళీ లేచి నిలబడ్డాడు. "చేతులు ముందు పెట్టరా! కొట్టరా నన్ను! కొట్టు!" అని అరిచాడు పెద్దవాడు, గొంతు తనది కాదు, పైపు పట్టుకున్న నాన్నది. పొట్టలో మోకాలితో పొడిచాడు. వాడు కారు బంపర్ మీదికి ఒరిగి, అక్కణ్ణించి నేలమీదికి జారాడు. పంతులమ్మ కుర్చీ తోసుకుని లేచి, అయ్యో అయ్యో చంపేస్తున్నాడు అని కేకలు పెట్టింది. పంక్చర్ల తాత పరిగెత్తుకొచ్చాడు, వచ్చి చూశాడు, ఆవిడకి అడ్డంగా నిలబడ్డాడు. "మీరిటు రండమ్మా. అన్నదమ్ములు. ఇన్నాళ్ళకి కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి" అన్నాడు.

పెద్దవాడు వాడి గుండెలమీద మోకాలు వేసి కూర్చున్నాడు. ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. చిన్నవాడు తల పక్కకి తిప్పి రక్తం ఉమ్మాడు. ఏడవడం లేదు, కళ్ళు మాత్రం అన్న మొహాన్ని వెతుకుతున్నాయి.

"కొట్టు. చంపినా సరే. ఒక్కటి మాత్రం చెప్పు అన్నయ్యా" అన్నాడు, ఉబ్బిన పెదవితో మాట సరిగా రాక. "ఆ రోజు గ్యాసు కొట్టాను చూడు వేళ్ళమీద. బతకాలనే కొట్టాను. ఒట్టు. అదన్నా మంచే చేశానా? ఎన్నిసార్లు అడుగుదామనుకున్నానో, భయం. డాక్టరు ఏమన్నాడు?"

వచ్చింది. దాచుకున్న మాట ఎవరూ పిలవకుండానే నోట్లోకి వచ్చి కూర్చుంది, పదునుతో సహా. ఇంతకన్నా నొప్పెట్టే రోజు మళ్ళీ రాదు. వాడే మెడ చాపి అడుగుతున్నాడు. అతికేవిరా, నువ్వే చంపావు. ఎంత చిన్నమాట! అంటే అయిపోతుంది, వాడు లేచి తిరుగుతాడు, తింటాడు, పని చేస్తాడు, కానీ ఇక బతకడు. పెద్దవాడు నోరు తెరిచాడు. వాడి చెవి పక్కన తను గుద్దిన చోట నరం ఒకటి కొట్టుకుంటోంది. చెవి వెనక చిన్నప్పటి మచ్చ ఉంది, నాన్న పైపు గురితప్పి తగిలింది అది, అన్నకి పడాల్సిన దెబ్బ. పెద్దవాడికి వాడిమీద కోపం పోయిందనుకుంటే పొరపాటు. రవ్వంత కూడా పోలేదు. ఇంకా కొట్టాలనే ఉంది, పళ్ళు రాలేదాకా కొట్టాలని ఉంది.

"ఏమంటాడు?" అన్నాడు, గొంతులోంచి మాటని పీకినట్టు పీకి. "ఫ్యానే నుజ్జునుజ్జు చేసిందన్నాడు. ముందే చచ్చాయట. నువ్వు గ్యాసు కొట్టడం మంచిదే అయిందన్నాడు."

చిన్నవాడు రెప్పవెయ్యకుండా చూశాడు. వాడు ఏసీ మెకానిక్కు. ఆ గ్యాసు ఒంటిని ఏం చేస్తుందో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నమ్మలేదు, ఎలా నమ్ముతాడు? నమ్మినట్టు మెల్లగా తలూపాడు. ఊపాక రక్తంతో, చీమిడితో, మొహమంతా చిందరవందరగా ముడుచుకుని ఏడ్చాడు.

"నిజంగా అన్నాడా అన్నయ్యా?"

"ఇంకోసారి ఆ మాట అడిగావంటే ఇక్కడే చంపేస్తాను" అన్నాడు పెద్దవాడు.

చిన్నవాడు మళ్ళీ అడగలేదు.